ఖాసిం చేసిన తప్పు

త్రినాథ్‌కి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఒంట్లో జ్వరమేం లేదు. ఉన్నదల్లా ఖాసిం మీద కుళ్లు.

ఇద్దరూ విజయనగరంలో అప్పలస్వామి మాస్టారి దగ్గరే బాస్కెట్‌బాల్ రిఫరీ పని నేర్చుకున్నారు. త్రినాథ్ ముందొచ్చాడు, ఖాసిం నాలుగేళ్ల తర్వాత వచ్చాడు. నియమాల పుస్తకం త్రినాథ్‌కి కంఠతా. ఖాసిం ఇప్పటికీ పేజీలు తిప్పి వెతుక్కుంటాడు. అయినా మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు ఖాసిం భుజం మీదే చెయ్యేస్తారు. చూస్తే ఒళ్లు మండదూ?

ఈసారి రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఒక్క రిఫరీనే పిలిచారు. పేరు రాసి పంపాల్సింది మాస్టారు. అందుకే నిన్నటి సెమీఫైనల్‌కి ఇద్దర్నీ కలిపి దించి, ఆయన గోడ పక్కన కుర్చీ వేసుకుని చూశారు.

తెల్లారేసరికి త్రినాథ్ కోర్టుకొచ్చేశాడు. మాస్టారు బుట్టకి కొత్త వల కట్టి అప్పుడే నిచ్చెన దిగుతున్నారు. ఫౌల్ అయితే అడ్డెవరూ లేకుండా వేయించే షాట్ ఉంటుందే, ఆ ఫ్రీ త్రో దగ్గర ఖాసిం చేసిన ఘనకార్యం త్రినాథ్ ఏకరువు పెట్టాడు. షాట్ వేసేవాడి ఏకాగ్రత చెడగొట్టాలని అవతలి జట్టువాడొకడు బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి హెచ్చరించాక మళ్లీ అలాగే ఆలస్యం చేస్తే టెక్నికల్ ఫౌల్ ఇవ్వాలి, షాట్ వేసేవాడి జట్టుకు ఇంకో షాట్ దక్కాలి. ఖాసిం మాత్రం బంతి చంకలో పెట్టుకుని వెళ్లి, ఏదో చెప్పి, వాణ్ణి లేపి నిలబెట్టి ఊరుకున్నాడు.

"అది రెండోసారి మాస్టారూ. నేను రెప్ప వెయ్యకుండా చూశాను."

"రెండోసారే. తప్పే చేశాడు," అన్నారు మాస్టారు.

త్రినాథ్‌కి ప్రాణం లేచొచ్చింది.

మాస్టారు బంతి తీసుకుని ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డారు. నిన్న షాట్ వేసేవాడి వెనక నిలబడ్డట్టే త్రినాథ్‌ని తన వెనకాల నిలబడమన్నారు. బంతి ఆటగాడి చేతికిచ్చాక ఖాసిం ఇంకేం చేశాడో చెప్పమన్నారు.

అడగడమే ఆలస్యం. అవతలి బెంచీవాళ్లు తువ్వాళ్లు ఊపారట, ఖాసిం అరచెయ్యి చూపించి సరిపెట్టేశాడట, దానికీ టెక్నికల్ ఇవ్వాల్సిందట, ఇవ్వకపోగా నవ్వాడట. బుట్ట కింద ఖాసిం నిలబడ్డ చోటు వేలుపెట్టి చూపిస్తూ, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మాస్టారు అంతసేపూ బంతి పట్టుకుని విన్నారు. అంతా అయ్యాక షాట్ వేశారు. బంతి బుట్టలో పడింది.

"చెల్లుతుందా?" అని అడిగారు.

"ఎందుకు చెల్లదు మాస్టారూ?"

"ఎన్ని సెకన్లు పట్టుకున్నాను?"

త్రినాథ్ లెక్కపెట్టనే లేదు. బంతి అందాక అయిదు సెకన్లలో వేసెయ్యాలి. దాటితే బుట్టలో పడ్డా పాయింటు లేదు. చెయ్యి పైకెత్తి ఆ లెక్క పెట్టాల్సింది వెనక నిలబడ్డ రిఫరీ. అది ఏ పేజీలో ఉందో కూడా అతనికి తెలుసు.

"పోనీ, నిన్న ఆ ఆటగాడు ఎన్ని సెకన్లు పట్టుకున్నాడు బాబూ?"

మాస్టారి గొంతులో కోపం లేదు. అందుకే త్రినాథ్‌కి మరీ సిగ్గేసింది. తల దించుకోబోతూ తన చెయ్యి చూసుకున్నాడు. అది ఇంకా బుట్ట కింద, ఎవరూ లేని చోటునే చూపిస్తోంది.