బూదన్న నాలుగు పొట్టలు

అడవి అంచున, ముళ్లకంచె నడుమ, పశువుల దొడ్డి ఒకటి ఉండేది. అక్కడ పెద్దరికం బూడిదరంగు ఎద్దు బూదన్నది. ఉదయమంతా మేయడం, ఎండ ముదిరాక కోళ్లగూటి గుమ్మానికి అడ్డంగా పడుకుని, అరమోడ్పు కళ్లతో నెమరువేయడం ఆయన దినచర్య. చుక్కల కోడి చుక్కమ్మ, ఆమె ఎనిమిది మంది పిల్లలు ఆ కొండంత ఒంటి చాటున నిశ్చింతగా గింజలు ఏరుకునేవారు. కంచె అవతల లొట్టలు వేసే నక్క జంబుకరావుకు మాత్రం ఆ ఎద్దు దాటరాని గోడ.

బలంతో కదలని గోడను భయంతో కూల్చవచ్చునని జంబుకరావుకు ఒకనాడు తోచింది. వెంటనే మెడకు ఎండు తిప్పతీగ చుట్టుకుని, ఏడు అడవుల్లో పేరున్న వైద్యుడినని చెప్పుకుంటూ దొడ్డికి విచ్చేశాడు. కుశలప్రశ్నలు ముగిశాక, బూదన్న ఆడిస్తున్న దవడలను చాలాసేపు జాలిగా చూశాడు.

"ఏం నములుతున్నావు బూదన్నా?"

"పొద్దున మేసిన గడ్డేనండి."

"పొద్దున మింగింది ఇప్పుడు నోట్లోకి ఎలా వచ్చింది?"

ఆరేళ్ల జీవితంలో ఆ ప్రశ్న బూదన్నను ఎవరూ అడగలేదు. "అదే వస్తుందండి," అన్నాడు.

"మింగింది తిరిగి పైకి వస్తే లోకం దాన్ని వాంతి అంటుంది నాయనా. రోజుకు ఏడెనిమిది గంటలు వాంతి చేసుకుంటూ ఇంకా బతికున్నావంటే, అది మీ అమ్మ చేసుకున్న పుణ్యం."

ఆ తరువాత కొమ్ములకు తగినంత దూరం పాటిస్తూ, బూదన్న పొట్టమీద నాలుగు చోట్ల తట్టాడు. నాలుగు చోట్లా నాలుగు రకాలుగా మోగింది. జంబుకరావు నిట్టూర్చాడు. "ఏ ప్రాణికైనా ఒకటే పొట్ట. నీకు నాలుగు తగులుతున్నాయి. ఒకటి పొట్ట, తక్కిన మూడూ వాపులు."

అనుమానం పెనుభూతమంటారు. మొన్ననే చెరువు బురదలో దిగబడిన బండిని ఒంటరిగా లాగిన బూదన్న, ఇప్పుడు పథ్యం చెప్పమని వైద్యుడిని బతిమాలాడు. జంబుకరావు చెప్పిన పథ్యం తేలిక. కడుపునిండా పచ్చగడ్డి మేయాలి. మేశాక మళ్లీ వైద్యుడు చెప్పేదాకా నోరు తెరవకూడదు. నెమరు నిషిద్ధం, త్రేన్పు అంతకన్నా నిషిద్ధం. రోగిని కనిపెట్టుకుని ఉంటానని చెప్పి జంబుకరావు కంచె పక్కనే చతికిలబడి, గోడ ఎప్పుడు కూలుతుందా అని ఎదురుచూడసాగాడు.

సంగతి విని చుక్కమ్మ పరుగున వచ్చింది. "అన్నా, నాకు పళ్లు లేవు. అందుకే చిన్న రాళ్లు మింగుతాను, కందనకాయలో అవే గింజల్ని నూరిపెడతాయి. ఎవరి తిరగలి వాళ్లది. నీ తిరగలి నీ నోట్లో ఉంది. గబగబా మేసి దాచుకుంటావు, తీరుబడిగా పైకి తెచ్చుకుని నూరుకుంటావు. అది రోగమెలా అవుతుంది? ఒక్కసారి నోరు తెరువు."

బూదన్న తల అడ్డంగా ఊపాడు. రాళ్లు తినేవాళ్లు జీర్ణం గురించి చెప్పడమేమిటని ఆయన మనసులో అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆయన ఎడమ డొక్క డోలులా లేచింది. వీపుమీద వాలబోయిన కాకి జారి కింద పడింది. మేకలు చుట్టూ చేరి, పెళ్లివారు ఎప్పుడొస్తారని అడిగాయి. ఊపిరి అందడం కష్టమవుతున్నకొద్దీ బూదన్నకు వైద్యుడిమీద గురి పెరిగింది. వాపులున్నాయని ఆయన ముందే చెప్పలేదా?

ఎద్దు మోకాళ్లు వంగడం చుక్కమ్మ చూసింది. ఆ నోరు తెరుచుకోకపోతే అన్న దక్కడు, అన్న దక్కకపోతే పిల్లలు దక్కరు. ఆ నోటిని తెరిపించగలవాడు ఒక్కడే ఉన్నాడు. ఆమె రెక్కలు సర్దుకుని, నాలుగు మేకలు వినేలా, జంబుకరావు ఎదుట వినయంగా నిలబడింది.

"వైద్యులవారూ, మీ శాస్త్రంమీద నాకు సందేహం లేదు. కాని నాలుక చూడకుండానే రోగం తేల్చేశారని ఈ మేకలు చెవులు కొరుక్కుంటున్నాయి. ఊళ్లో నాటువైద్యుడు కూడా ముందు నాలుకే చూస్తాడట."

మేకలు గడ్డాలు ఊపాయి. అంతవరకు నాలుకలతో జంబుకరావు పరిచయం భోజనవేళలకే పరిమితం. అయినా నాటువైద్యుడి పేరు ఆయన పరువుకు ముల్లులా గుచ్చుకుంది. ఎద్దు ఎలాగూ కూలబోతున్నదన్న ధైర్యంతో, తిప్పతీగ సవరించుకుని, బూదన్న మూతికి మూతి ఆనించేంత దగ్గరగా వచ్చాడు.

"బూదన్నా, నోరు బాగా తెరిచి, నాలుక చాపి, 'ఆ' అను."

వైద్యుడి ఆజ్ఞ కదా. బూదన్న తెరిచాడు. 'ఆ' అన్న అక్షరం మాత్రం రాలేదు. దాని బదులు నిన్నటినుంచి బిగబట్టిన త్రేన్పు వచ్చింది. కంచె కంపలు ఊగాయి. పక్క దొడ్డిలో గాడిద కూలబడింది. వెనువెంటనే సగం పులిసిన పచ్చగడ్డి గంపెడు ఎగిరివచ్చి, చెవుల మొదలు తోక చివరిదాకా జంబుకరావును ఆకుపచ్చగా అలికి, ముళ్లకంచెలోకి దొర్లించింది.

బూదన్న డొక్క చల్లగా దిగిపోయింది. ఊపిరి హాయిగా ఆడింది. గొంతులోంచి చిన్న ముద్ద పైకి రాగానే దవడలు వాటంతటవే కదిలాయి. ఆయన కోళ్లగూటి గుమ్మానికి అడ్డంగా పడుకుని, ముళ్లు పీక్కుంటున్న నక్కవైపు కృతజ్ఞతతో చూశాడు.

"నయమైందండి," అన్నాడు నములుతూనే. "నాలుక నిన్ననే చూసి ఉంటే నిన్ననే నయమయ్యేది."

ఆ పులిసిన వాసన జంబుకరావును మళ్లీ వానలు పడేదాకా వదలలేదు. అరకోసు దూరం నుంచే పసిగట్టి ఏ కోడీ ఆయనకు చిక్కకపోవడంతో, ఆ ఏడు వేసవి అంతా ఈతపళ్లతోనే గడిచింది.

సవ్యంగా నడిచే ఒంటికి జబ్బు అంటగట్టేవాడు చూసేది మన నాడిని కాదు, తన ఆకలిని.