పీకేసిన ఎర్ర దీపం

ఏ బండి వచ్చినా దస్తగిరి ఉస్తాద్ ముందు బానెట్ ఎత్తడు. డ్రైవర్ సీట్లో కూర్చుని, తాళం ఒక్క మెట్టు తిప్పి, ఎదురుగా వెలిగే దీపాలను కాసేపు చూస్తాడు. రాయచోటిలో ఆయన దగ్గర బండ్ల కరెంటు పని నేర్చుకున్నవాళ్లలో సగం మంది అది ముసలితనపు చాదస్తం అనుకునేవారు. విరూపాక్షి ఆ సగంలోవాడే.

అతను డిప్లొమా చదివినవాడు. మీటరు అంకె చూపేలోపే లెక్క చెప్పగలడు. భార్య పెంచలమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఒప్పందం ఏడువందల ముప్పై రోజులు. రెండువందల తొంభై ఎనిమిది గడిచాయి, నాలుగువందల ముప్పై రెండు మిగిలాయి. శుక్రవారం ఆ ఇంటివాళ్లు నమాజుకు వెళ్లిన వేళ, అక్కడ పన్నెండున్నరకు, ఇక్కడ మూడింటికి, ఆమె ఫోన్ చేసేది. పెద్దగా ఏమీ అడిగేది కాదు. వాన పడిందా, మేక ఈనిందా, అన్నం తిన్నావా. పది నిమిషాలు. ఆమె పెట్టేశాక రెండు రోజులు అతని చెయ్యి పని మీద నిలిచేది కాదు. అందుకని ఐదు శుక్రవారాలుగా మూడు కొట్టకముందే ఫోన్ ఆపేస్తున్నాడు. మళ్లీ తెరిస్తే ఆమె ఎన్నిసార్లు చేసిందో కనిపించేది. ఏడు, ఆరు, నాలుగు, రెండు. పోయిన వారం ఒకటి. ఆ వరుసలో తర్వాతి అంకె ఏదో అతనికి తెలుసు.

ఆరో శుక్రవారం, ఉస్తాద్ మసీదు నుంచి వచ్చి టోపీ మడిచి జేబులో పెట్టుకుంటుంటే విరూపాక్షి అడిగాడు.

"ఉస్తాద్, మనసులోంచి బెంగను తీసేసే దారేమన్నా ఉందా? ఫోన్ కట్టేస్తే కొంచెం తగ్గినట్టే ఉండాది. కానీ పొద్దున లేస్తే ఒంట్లో జీవం లేదు."

ఉస్తాద్ నోరు తెరిచేలోపు, ముగ్గురు మనుషులు ఒక పాత తెల్ల కారును తోసుకుంటూ వచ్చారు. వెనకే దాని యజమాని, రిటైరైన కాంపౌండరు ఓబులేసు, రొప్పుతూ వచ్చాడు.

"ఇది నన్ను మోసిందానికన్నా నేను దీన్ని తోసిందే ఎక్కువైంది భాయ్! మూడు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చినా. పొద్దున నింపితే సాయంత్రానికి చస్తాది."

"నువ్వు చూడు," అన్నాడు ఉస్తాద్ విరూపాక్షితో.

విరూపాక్షి షాపు బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేసి, మీటరు పెట్టాడు. పదకొండు పాయింట్ తొమ్మిది వోల్టులు. ఇంజను తిరిగినంతసేపూ బ్యాటరీని నింపాల్సింది ఆల్టర్నేటర్. అది పని చేస్తుంటే పద్నాలుగు రావాలి. ఇంజను ఆపి బెల్టును బొటనవేలితో నొక్కాడు, బిగువుగానే ఉంది. ఆల్టర్నేటర్ ఊడదీసి లోపల చూశాడు. కార్బన్ బ్రష్‌లు అరగలేదు, రాగి తీగ చుట్ట కాలలేదు. తిరిగి బిగించి స్టార్ట్ చేశాడు. మీటరు మీద మళ్లీ అదే అంకె.

"అన్నీ బాగున్నాయి, కరెంటే పుట్టడం లేదు. కొత్తది వెయ్యాల్సిందే," అన్నాడు.

అప్పుడు ఉస్తాద్ లేచి, ఇంజను ఆపి, సీట్లో కూర్చుని తాళం ఒక్క మెట్టు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"ఇక్కడ ఎర్ర దీపం ఒకటి ఉండాల. ఏది సార్?"

ఓబులేసు నవ్వేశాడు. "అదా! బల్బు నేనే పీకేసినా. బండి కదలకముందే అపశకునం మాదిరి ఎర్రగా కండ్లల్లోకి చూస్తా ఉండె. ఉగాది నాడు పీకి పారేసినా, అప్పట్నుంచి నిమ్మళంగా ఉండాది."

"మీకు నిమ్మళమే. మరి దానికి?"

ఉస్తాద్ రేకు డబ్బాలో వెతికి, చిటికెన వేలి గోరంత బల్బు తీసి పెట్టాడు. తాళం తిప్పితే ఎర్రగా వెలిగింది. ఇంజను అందుకుంది. దీపం దానంతట అదే ఆరిపోయింది. మీటరు మీద పద్నాలుగు పాయింట్ ఒకటి.

విరూపాక్షి కాసేపు ఆ అంకెనే చూశాడు. ఆ కాలపు ఆల్టర్నేటర్ తనంతట తాను మొదలు కాదు. ఆ దీపం గుండా వచ్చే చిటికెడు కరెంటే దాన్ని మేల్కొలపాలి.

"రెండు వాట్ల బల్బు, పన్నెండు వోల్టులు... ఆంపియర్‌లో ఆరో వంతు, ఉస్తాద్! అది లేక ముప్పై ఐదు ఆంపియర్ల మిషను మూడు నెలలు ఊరికే తిరిగింది!"

"తిరిగింది," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు ఎవరూ తొయ్యకుండానే, హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. విరూపాక్షి చేతులు కడుక్కున్నాడు. గోడ గడియారం మూడుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అలవాటుగా అతని చెయ్యి జేబులోకి వెళ్లింది. ఫోన్ ఆపే మీట మీద బొటనవేలు ఆగింది.

ఉస్తాద్ డబ్బా మూత పెడుతూ, ఇటు తిరగకుండానే అడిగాడు.

"కువైట్‌లో ఇప్పుడు టైమెంత?"

"పన్నెండూ ఇరవై ఎనిమిది," అన్నాడు విరూపాక్షి, ఆలోచించకుండా.

"నేనడిగింది లెక్క కాదు నాయనా," అన్నాడు ఉస్తాద్.