ఆకుపచ్చ కళావరు

అనగనగా గోదావరి మధ్యలో ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, పెద్దవాళ్ళంతా పడవల పాకలో చేరి పేకముక్కలతో తురుపాట ఆడేవాళ్ళు. డబ్బులకి కాదురా కన్నా. ఓడిన జట్టు గెలిచిన జట్టుకి బెల్లంముక్క పెట్టాలి, అంతే.

ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ముందు పడ్డది ఏ గుర్తయితే మిగతావాళ్ళూ ఆ గుర్తే వెయ్యాలి. చేతిలో పెట్టుకుని వేరేది వేస్తే గుర్తు తప్పినట్టు. మూడు వారాలు వరసగా తప్పినవాళ్ళు లేచి తమ చాప ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. అది ఆ పాక కట్టుబాటు.

ఆ ఊళ్ళో సూరాంబ అని ఒక ముసలమ్మ. వారమంతా ఆవిడకి కోళ్ళతోనే మాట. ఆదివారం ఒక్కపూటే మనుషులతో. ఆవిడ జట్టు అచ్చాయమ్మ. ఎదటి జట్టు పడవలకి రంగులేసే అబ్బులూ, వాళ్ళావిడా. అబ్బులు ఆటలో మహా నిక్కచ్చి మనిషి.

సూరాంబకి చూపు మసకేసింది. చెబితే చాప పోతుందని ఎవరికీ చెప్పలేదు.

మొదటి వారం ఆఠీను అనుకుని డైమను వేసింది. "చెయ్యి జారిందిలే" అంది అచ్చాయమ్మ. ఆ తర్వాతి వారం ఇస్పేటు అనుకుని కళావరు వేసింది. "ఉక్కపోతకి తల తిరిగిందేమోలే" అంది అచ్చాయమ్మ.

మూడో వారం మళ్ళీ ఇస్పేటుకి కళావరు పడింది. కాసేపటికి అదే చేతిలోంచి ఇస్పేటు బయటికొచ్చింది.

"పిన్నీ, ఇందాక ఇస్పేటు లేకే కదా కళావరేశావు. మరి ఇదెక్కడిది?" అన్నాడు అబ్బులు.

ఈసారి అచ్చాయమ్మ తన ముక్కలు చాపమీద పెట్టేసింది. అప్పుడు అబ్బులు ముక్కలన్నీ తువ్వాల్లో మూటగట్టుకుని వెళ్ళిపోయాడు. సూరాంబ తనే లేచి చాప చుట్టి పాక మూల పెట్టేసింది. ఇంటికెళ్ళి కోళ్ళకి గింజలు చల్లి, తను మాత్రం ముద్ద ముట్టలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. సూరాంబ గడప దాటలేదు. అప్పుడు అచ్చాయమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

చూస్తే పాకలో ఆవిడ చాప ఆవిడ చోటే పరిచి ఉంది. అబ్బులు ముక్కలు పంచాడు. సూరాంబ విప్పి చూసింది. ఇస్పేటు నల్లగా, ఆఠీను ఎర్రగా ఎప్పటిలాగే ఉన్నాయి. కళావర్లు మాత్రం ఆకుపచ్చగా, డైమన్లు నీలంగా మెరుస్తున్నాయి. పడవ రంగు వాసన ఇంకా పోలేదు.

"నలుపుకి నలుపు, ఎరుపుకి ఎరుపు వేసి తప్పుతున్నావు గానీ, నలుపుకి ఎరుపు ఏనాడూ వెయ్యలేదు పిన్నీ. అప్పుడు తెలిసింది నాకు, నీకు రంగు తెలుస్తోంది గానీ గుర్తు ఆనట్లేదని" అన్నాడు అబ్బులు. "వారమంతా పట్టింది వీటికి. ఇక ఆడు."

సూరాంబ ఆ రంగంటిన చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

"నా చాప నాకు నిలబెట్టావురా నాయనా. నీ రుణం తీరదు" అంది.

ఆ తర్వాత ఆట మొదలైంది. సూరాంబ ఒక్క గుర్తూ తప్పలేదు. అలాగని అబ్బులు జాలిపడి ఒక్క పట్టూ వదల్లేదు. చివరికి సూరాంబ ఓడిపోయింది. కొంగుముడి విప్పి, అందరికంటే పెద్ద బెల్లంముక్క అబ్బులు నోట్లో తనే పెట్టింది. అంత సంతోషంగా ఓడినవాళ్ళు ఆ పాకలో మరి లేరు.

కథ కంచికి, పడవ రేవుకి,
పేక పెట్టెకి, మా కన్న పక్కకి.