కదలని దీపాలు

మొన్నటి కార్తీక అమావాస్య, గురువారం, సాయంత్రం ఆరుంబావుకి, ఎదుటివాళ్ళను వెక్కిరించి నలుగురినీ నవ్వించే అలవాటున్న మా మనవరాలు ప్రణతి, కాలువ ఒడ్డున మా ఇంటి అరుగు మీద కూర్చుని తరగతి గ్రూపులో ఒక వీడియో పెట్టింది.

అందులో ఉన్నది పక్కింటి నాగసుధ, దాని తరగతే. ఆ పిల్లకు నత్తి. మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామున మా వీధి ఆడవాళ్ళం అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదులుతాం. వంతు వచ్చిన ఆడపిల్ల పండుగ కథ చెప్పి ముగిస్తేనే దీపాలు కదలాలి. మా అత్తగారి నాటి నియమం అది. ఈ ఏడు వంతు నాగసుధది. నెల్లాళ్ళుగా పెరట్లో ఒక్కతే కథ చెప్పుకుంటూ ఉండేది. ప్రణతి గోడ మీంచి వీడియో తీసింది.

నేను దీపం పెట్టి వచ్చేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది.

“ఏమిటే అది?”

“సరదాకి మామ్మా. ముప్ఫైమంది నవ్వారు.”

“నాగసుధ నవ్విందా?”

ప్రణతి చూసింది. నాగసుధ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. గబగబా వీడియో తీసేసి “అయిపోయింది మామ్మా” అంది. కాసేపటికి అదే వీడియో వేరే సెక్షను పిల్లల దగ్గర్నుంచి తిరిగి దాని ఫోనుకే వచ్చింది. ప్రణతి ముఖం పాలిపోయింది.

ఇంతలో నాగసుధ తల్లి వచ్చింది. “రేపు మా పిల్ల రాదు పిన్నిగారూ. బడికీ వెళ్ళదట” అంది. కోప్పడనైనా లేదు.

ప్రణతి గ్రూపులో రాసింది: “చెప్పకుండా తీసింది నేను. తప్పు నాదే. ఎవరి దగ్గరున్నా తీసేయండి, ఇంకెవరికీ పంపకండి.” తరువాత పక్కింటి తలుపు దగ్గర నిలబడి “రావే సుధా, ఎవరూ నవ్వరు” అంది.

“న… నవ్వించేది నువ్వే కదా” అంది లోపలి గొంతు.

ప్రణతి వెనక్కి వచ్చేసింది.

మర్నాడు నాలుగున్నరకే వీధి ఆడవాళ్ళమంతా కాలువ గట్టుకు వెళ్ళాం. దీపాలు వెలిగించి కూర్చున్నాం. అరగంట గడిచింది. ఒక్క దీపమూ కదల్లేదు. కదలని ఆ దీపాలను కిటికీలోంచి చూసింది కాబోలు, నాగసుధ వాళ్ళమ్మ కొంగు పట్టుకుని వచ్చింది. కథ మొదలుపెట్టింది. మాట ఆగిన చోటల్లా గట్టంతా ఊపిరి బిగబట్టింది. ఎవరూ మాట అందించలేదు. తూరుపు తెల్లబడుతుంటే చివరి మాట చెప్పింది. డెబ్భై ఏళ్ళుగా వింటున్నాను, ఆ కథకు ఒళ్ళు జలదరించింది ఆ పొద్దే. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

దీపాలు కదిలాయి. ప్రణతి తన దొప్ప సాగిపోయేదాకా చూసి, “ఇక పిలిచినా రాదు కదా మామ్మా” అంది.

పిల్లలూ, ఫోనులో వదిలిన మాటా అంతే, పిలిచినా వెనక్కి రాదు. అందుకే అది ఎవరి గురించో వాళ్ళ ముఖం ఒక్కసారి తలుచుకున్నాకే వదలాలి.