మల్లెమొగ్గల కోసం రేసు కారు

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. బియ్యానికి లోటొచ్చిన రోజులున్నాయి, పప్పుకి లోటొచ్చిన రోజులున్నాయి, తెలివికి మాత్రం ఎన్నడూ రాలేదు. ఎవరైనా ఒక మాట చెబితే, చెప్పింది చెప్పినట్టు పాటించడం మా వంశాచారం. మొన్నామధ్య మా ఆయన్ని డాక్టరుగారు బరువులెత్తొద్దన్నారు. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆయన మెట్లెక్కుతుంటే ఆయన పొట్ట నేను రెండు చేతులా పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఎక్కేదాన్ని. వీధి వీధంతా నిలబడి చూసేది. ఇంత తెలివైన సంసారాన్ని వాళ్ళు మాత్రం ఎక్కడ చూశారు, పాపం!

ఆయన పేరు నోటితో చెప్పకూడదు. రాస్తే తప్పులేదనుకుంటాను. పేర్రాజు. మా అబ్బాయి నూకరాజు, కోడలు తాయారు. మాది గోదారి మధ్యన తూర్పులంక. ఉన్నదల్లా ఓ చిన్న మల్లెతోట. పొద్దున్నే మొగ్గలు కోసి, తట్టకెత్తి, పైన తడిగోనె కప్పి, మా ముసలి ఆటోలో రాజమండ్రి పూల మార్కెట్టుకి పట్టుకెళతాం. ఆ ఆటో అడుగడుక్కీ ఆగి అలుపు తీర్చుకునేది. చేరేసరికి ఎండెక్కి, మొగ్గలన్నీ తట్టలోనే నవ్వేసేవి. నవ్విన మల్లెని ఎవరు కొంటారు?

ఒకరోజు మా పూలు తీసుకునే చలమయ్యగారు తట్టలో చెయ్యిపెట్టి మొహం చిట్లించారు.

“పేర్రాజూ, ఇంక నావల్ల కాదయ్యా. సోమవారం మొగ్గని మొగ్గలా తెచ్చావా, సరేసరి. లేదా, నీ తట్ట నా కొట్టు గుమ్మం ఎక్కడానికి వీల్లేదు. గాలిలా పోయే బండేదైనా చూసుకో.”

అంతే, మా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన కాదంటే మార్కెట్టులో మా మొహం చూసేవాడు లేడు. తోట దున్నేసుకోవడమే. ఆ తోట నా చేత్తో అంటు కట్టిన తోట.

పక్కింటి ఆదెమ్మ, “ఓ గంట ముందు బయల్దేరకూడదా వదినా?” అంది.

మా ఆయన జాలిపడ్డారు. “పిచ్చి చెల్లెమ్మా! గంట ముందు బయల్దేరితే గంట ముందే విచ్చుకుంటాయి కదా!”

నిజమే. ఆదెమ్మకి అది తట్టలేదు.

నూకరాజు ఫోనులో వెతికి ఓ కారు చూపించాడు. ఎర్రగా ఉంది. నేలకి చెవి ఆనించి ఏదో వింటున్నట్టు వంగి ఉంది. ముందు రెండు సీట్లే, వెనక ఏమీ లేదు.

“ఇది రేసు కారు నాన్నా. గాలిని వెనక్కి నెట్టేసి పోతుంది. కొత్తది మనం కలలో కూడా కొనలేం. పాతదైతే చూడొచ్చు.”

“పాతగాలైనా గాలే కదరా!” అన్నారు మా ఆయన. ఆ మాటకి నాకు ఒళ్ళు పులకరించింది.

ఆటో అమ్మేశాం. గేదెని అమ్మేశాం. వచ్చింది మూటగట్టి, మెకానిక్ మస్తాను దగ్గరికి వెళ్ళి సలహా అడిగాం. అతను మంచివాడు. టీ తాగుతూ వరసగా చెప్పాడు.

“పాత బండి కొనేటప్పుడు జాగ్రత్త బాబాయ్. నచ్చినట్టు పైకి కనపడకూడదు, ధర పెంచేస్తారు. బండిని ఎండలోనే చూడాలి, మాసికేసిన రంగు అప్పుడే తెలుస్తుంది. ఇంజను చల్లగా ఉండాలి. పైన చెయ్యిపెట్టి చూడండి, వేడిగా ఉందంటే ముందే స్టార్టు చేసి ఉంచారని అర్థం, అందులో మోసం ఉంటుంది. ఎందుకు అమ్ముతున్నారో తప్పకుండా అడగండి. ఇక ధరంటారా, ఎంత చెప్పినా సగం అడగండి.”

ఇన్ని మాటలు ఒక బుర్రలో పడితే కలిసిపోతాయని తలా ఒకటి పంచుకున్నాం. నచ్చకపోవడం తాయారుకి, ఎండా చల్లదనం నూకరాజుకి, ఎందుకు అమ్ముతున్నారో అడగడం నాకు, సగం మా ఆయనకి. ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా ఉంటుందని, రాజమండ్రిలో శశాంక్ బాబని ఓ కుర్రాయన ఇంటికి వెళ్ళాం. ఆయన వాకిట్లో అచ్చం ఫోనులో చూసినటువంటి ఎర్ర కారే ఉంది. నాకు కళ్ళు చెదిరిపోయాయి.

గేటు తీశాడో లేదో, తాయారు మొదలెట్టింది.

“ఛీ! ఇదా కారు? యాక్! చూస్తుంటేనే కడుపులో తిప్పుతోంది!”

శశాంక్ బాబు మొహం మాడిపోయింది. వాళ్ళావిడ నిండు చూలాలు, పాపం, చల్లటి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాయారు గటగటా తాగి, “ఛీ, నచ్చలేదు” అని గ్లాసు చాపింది. ఆవిడ ఇంకో గ్లాసు పోసింది. “ఇది మరీ నచ్చలేదు. ఇంకాస్త పొయ్యండి.”

ఈలోగా నూకరాజు కారు ముందు రేకు మీద చెయ్యిపెట్టి, కెవ్వుమని ఎగిరాడు.

“వేడి! కాలిపోతోంది! ముందే స్టార్టు చేసి ఉంచారు!”

“లేదండీ, వారం నుంచి తాళం చెవే తిప్పలేదు. ఎండకి కాలింది. నీడలోకి తోద్దాం పదండి” అన్నాడు శశాంక్ బాబు.

“అమ్మో, ఎండలోనే చూడాలి. కానీ చల్లగా ఉండాలి.”

ఆ కుర్రాయన బుర్ర గోక్కున్నాడు. మాకా తెలియనిది? మొగ్గల్ని చల్లగా ఉంచే చేతులు మావి. వెంట తెచ్చిన తడిగోనె కారుకి కప్పాం. మా ఆయన గొడుగు పట్టారు. నేను కొంగుతో విసిరాను. నూకరాజు సోడా కొట్టుకి పరిగెత్తి ఐసుగడ్డ తెచ్చి పైన పెట్టాడు. అందరం కారుని, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాం. చాలాసేపటికి రేకు చల్లబడింది.

“ఆహా, మంచి బండి! ఇప్పుడు స్టార్టు చెయ్యండి” అన్నాడు నూకరాజు.

చేశాడు. కారు పులిలా గర్జించింది. మావాడు మళ్ళీ చెయ్యిపెట్టి, “ఆపండాపండి! మళ్ళీ వేడెక్కింది! మోసం!” అన్నాడు. ఇంకేముంది, మళ్ళీ గోనె, మళ్ళీ గొడుగు, మళ్ళీ ఐసు. చల్లబడితే స్టార్టు, స్టార్టు చేస్తే వేడి. ఆఖరికి మావాడు తేల్చాడు: “నాన్నా, కదిలించకుండా ఉంచితే ఈ బండికి వంకే లేదు.”

ఇక నా వంతొచ్చింది. “బాబూ, ఇంత బంగారంలాంటి బండి ఎందుకమ్ముతున్నావు?”

“ఏం చెయ్యను మామ్మగారూ, బిడ్డ పుట్టబోతోంది. ఇందులో రెండే సీట్లు. ఇది నా మొదటి జీతంతో కొనుక్కున్నది. అమ్మాలంటే మనసొప్పడం లేదు” అని ఆ కుర్రాయన కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు ఏడుపు ఆగింది కాదు. “మనసొప్పకపోతే అమ్మకు నాయనా! పసిబిడ్డకి సీటెందుకు, తల్లి ఒడి లేదూ? మా ఆటోలో ముగ్గురి చోట పదిమందిమి కూర్చునేవాళ్ళం. నా మాట విను, అమ్మకు!”

“నిజమే మామ్మగారూ. అమ్మను” అన్నాడు.

నేను గర్వంగా మావాళ్ళ వైపు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, మేం కొనడానికి వచ్చామని.

ఇంతలో లోపల్నించి వాళ్ళావిడ నడుం పట్టుకుని వచ్చింది. “ఏవండీ, ఈ సాయంత్రం లోపల వీళ్ళూ ఈ బండీ నా గుమ్మంలోంచి కదలకపోతే, నేను పుట్టింటికి పోతాను.”

అంతే, శశాంక్ బాబు గబగబా ధర చెప్పాడు. మా ఆయన సగం అడిగారు. ఆయన కాస్త తగ్గించాడు. మా ఆయన ఆ తగ్గించిన దాంట్లో సగం అడిగారు. ఆయన ఇంకాస్త దిగాడు. మా ఆయన మళ్ళీ సగం. శశాంక్ బాబు చొక్కా చెమటకి తడిసిపోయింది. చేతులెత్తి దణ్ణం పెట్టేశాడు.

“బాబాయ్‌గారూ, మీకో నమస్కారం. ఊరికే తీసుకుపోండి!”

“సగం ఊరికే ఇస్తారా?” అన్నారు మా ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

ఆఖరికి వాళ్ళావిడే, “అసలు మీ దగ్గర ఎంతుంది పెద్దాయనా?” అని అడిగింది. మా ఆయన మూట చూపించారు. “అదిచ్చి తీసుకెళ్ళండి.” ఆయన మొత్తం మూట ఆవిడ చేతిలో పెట్టేశారు. మూటలో సగం అడగమని మస్తాను మాకు చెప్పలేదు కదా!

ఊరికే ఇస్తానన్న బండిని ఉన్నదంతా ఇచ్చి తెచ్చుకున్నాం. తాయారు బస్సులో ఇంటికొచ్చి కూడా “ఛీ, నచ్చలేదు” అంటూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు పాపం.

సోమవారం తెల్లవారింది. అదే ఆఖరి అవకాశం. తోటంతా గాలించి ఒక్క మొగ్గ వదలకుండా కోశాం. తట్ట నిండింది. అప్పుడు ఆదెమ్మ గోడ మీదనుంచి తొంగిచూసి, “వదినా, కొత్తగా వచ్చిన బండి! నిమ్మకాయలు తొక్కించి, నిండుగా దండేసి మరీ రోడ్డెక్కించండి” అంది.

నిండుగా అంది. ఇంకేముంది, నలుగురం కూర్చుని గబగబా కట్టాం. దండ మీద దండ. ముందు రేకు నిండింది, పైకప్పు నిండింది, తలుపులు నిండాయి. నూకరాజు చూడ్డానికి అద్దంలో అరచేతంత ఖాళీ వదిలాం. కారు పెళ్ళికొడుకులా ఉంది. తట్ట ఖాళీ అయిందని దాన్ని కడిగి బోర్లించి మరీ బయల్దేరాం. నూకరాజు ఒక సీట్లో, రెండో సీట్లో నేనూ మా ఆయనా.

ఏం చెప్పను తల్లీ ఆ పోవడం! చెట్లు వెనక్కి పారిపోయాయి. గోదారి వంతెన ఎక్కామన్నది తెలిసేలోగా దిగిపోయాం. మార్కెట్టులో ఇంకా ఊడుస్తున్నారు. అందరికంటే ముందు మేమే.

చలమయ్యగారి మొహం వెలిగిపోయింది. “భేష్ పేర్రాజూ! ఈవేళ మొగ్గలు మొగ్గల్లాగే ఉండుంటాయి. దింపు తట్ట!”

నేను మా ఆయన్ని చూశాను. ఆయన నూకరాజుని చూశారు. వాడు కారుని చూశాడు. కారు మీద వట్టి దారాలు. మొగ్గలన్నీ దారిపొడుగునా గాలికి ఎగిరిపోయాయి.

“పూలు లేవా? మరెందుకొచ్చారయ్యా?” అన్నారు చలమయ్యగారు.

“మీరు బండి చూసుకోమన్నారు కదండీ. చూసుకున్నాం” అన్నారు మా ఆయన.

“ఈ బండిలో మొగ్గ విచ్చుకోకుండా వస్తుందని నాకెలా తెలుస్తుందయ్యా?”

ఆ మాట మా ఆయన మనసులో నాటుకుంది. ఎలా తెలుస్తుంది? పరీక్ష పెడితే తెలుస్తుంది. నా కొంగు ముడిలో ఉన్న కాసిని డబ్బులూ విప్పించి, చలమయ్యగారి కొట్లోనే ఒక తట్ట మొగ్గలు కొన్నారు. తట్ట నా ఒళ్ళో, నేను ఆయన ఒళ్ళో. నూకరాజు గాలిలా తోలాడు. ఇంటికొచ్చి గోనె తీసి చూద్దుమా, ఒక్కటి విచ్చుకుంటే ఒట్టు! మొగ్గ మొగ్గలాగే ఉంది!

మా ఆయన ఫోనులో గట్టిగా అరిచి చెప్పారు. “చలమయ్యగారూ! ఒక్కటీ విచ్చుకోలేదండీ!”

చలమయ్యగారు ఎంతో ఆప్యాయంగా, “అయితే రోజూ రా పేర్రాజూ. నీకెప్పుడూ ఒక తట్ట తీసి ఉంచుతాను” అన్నారు. నా కళ్ళు చెమర్చాయి. ఆయన మమ్మల్ని వదులుకోలేదు!

అప్పటినుంచి రోజూ పొద్దున్నే వెళ్ళి మొగ్గలు కొని తెచ్చుకుంటున్నాం. ఇంత దూరం వచ్చినా ఒక్కటీ విచ్చుకోదు. మా తోటలో మొగ్గలే, చెట్టు మీదే ఉండి కూడా రోజూ విచ్చుకుపోతున్నాయి. వాటికి కారు లేదు కదా, పాపం.