దండోరా వేయించినవాడు

మన తాతల తాతలు కూడా పుట్టకముందు, ఒక కొండ పక్కన శోణపురమనే రాజ్యం ఉండేదట. ఊరికి ఎగువన పెద్ద చెరువు, ఆ చెరువుకట్ట కింద పల్లపు వీధి.

అక్కడ దండోరా మాటంటే రాజుగారి మాటే. అది అబద్ధమని తేలితే, వేయించినవాడే డప్పు మెడకు తగిలించుకొని, అవే వీధులలో తిరిగి నిజం చాటాలని ఒక పాత కట్టుబాటు. అయితే దానిని పెద్దల మీద ఎన్నడూ అమలు జరపలేదు.

ఒక వానాకాలం కట్ట చెమర్చింది. మరమ్మతు చేయించకుండానే చేయించానని రాజుకు అప్పటికే చెప్పి ఉన్న మంత్రి వాక్పతి దండోరా వేయించాడు.

"కట్ట భద్రం! ఎవరూ ఇల్లు కదలవద్దు!"

కట్ట బీటలు వారింది. మళ్ళీ అదే దండోరా.

కట్ట నుంచి బురదనీరు కారింది. పల్లపు వీధి సింగమ్మ మూట కట్టుకుంది. మూడవసారి డప్పు మోగింది. "మంత్రిగారే చెబుతున్నారు కదమ్మా!" అంటూ ఆమె కూతురు మల్లి మూట విప్పేసింది.

మరునాడు సింగమ్మ సంతకు వెళ్ళిన వేళ కట్ట తెగింది. ఆమె తిరిగి వచ్చేసరికి వీధి లేదు. మల్లి లేదు.

బతికినవారు కొండెక్కారు. అక్కడ కొత్త పాకలో మంత్రిగారి గేదె తీరికగా నెమరువేస్తూ, "ఇప్పుడా రావడం? మేమెప్పుడో వచ్చేశాం," అంది.

సింగమ్మ ఆ గేదెను సభకు తోలుకొచ్చింది.

"దైవం చేసిన పని, ప్రభూ! ఎవరు మాత్రం ఊహించగలరు? నా గుండె చెరువైపోయింది," అంటున్నాడు వాక్పతి.

"మీ గుండె సంగతి తరువాత. ముందు మీ గేదె మాట వినండి," అంది సింగమ్మ.

సభ గొల్లున నవ్వింది. గేదె నవ్వలేదు.

"మహారాజా, నాకు రాజనీతి తెలియదు. మొదటి దండోరా కాగానే మా దూడలను కొండెక్కించారు. రెండవది కాగానే ధాన్యం. మూడవది కాగానే మమ్మల్ని. మా కొట్టంలో పలుపుతాడు కూడా మిగల్చలేదు."

సభలో నవ్వు ఆగిపోయింది. వాక్పతి రాజు కాళ్ళ మీద పడ్డాడు. "జరిమానా వేయండి, పదవి తీసేయండి. డప్పు మాత్రం వద్దు ప్రభూ!"

"జరిమానా మీ బొక్కసానికి చేరుతుంది, దొరా," అంది సింగమ్మ రాజుతో. "నా బిడ్డ విన్నది డప్పునే."

రాజు తల దించుకొని, డప్పు తెప్పించాడు.

వాక్పతి వీధి వీధికీ తిరిగాడు. "కట్ట తెగుతుందని నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను." పల్లపు వీధికి వచ్చేసరికి బురద తప్ప ఏమీ లేదు. అతడు డప్పు దించబోయాడు.

"ఇక్కడ వినేవాళ్ళెవరున్నారమ్మా?"

"నేనున్నాను," అంది వెంటే వచ్చిన సింగమ్మ. "గట్టిగా చెప్పు."

పిల్లలారా, ప్రజలను నమ్మించి ముంచినవాడు, ఆ ప్రజల ఎదుటే తన నోటితో నిజం ఒప్పుకొనే వరకు ఏ తీర్పూ పూర్తి కాదు.