చలిని బొంతల్లో కట్టేసిన మాంత్రికుడు

విరోధి నామ సంవత్సరం, పుష్యమాసం. ఆ ఏడు చలి రాలేదు.

అనగనగా అంటే ఎక్కడో అనుకునేరు. పాలకంకి రాజ్యంలో. ఆ రాజ్యానికి ధాన్యపాలుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణపాలుడు, నడిమివాడు గుణపాలుడు, చిన్నవాడు మేఘపాలుడు. పెద్దవాడికి భయం వేస్తే గట్టిగా అరిచేవాడు. నడిమివాడికి భయం వేస్తే మెల్లగా ఆలోచించేవాడు. చిన్నవాడికి భయం వేస్తే ఉన్నచోటే నిలబడేవాడు.

ప్రతి ఏడూ పుష్యం వచ్చేసరికి చలి వచ్చేది. పిల్లలు పళ్ళు టకటకలాడించుకుంటూ మంటల చుట్టూ చేరేవాళ్ళు. మట్టిలో దాక్కున్న పురుగులు, బెరడు కింద దూరిన గుడ్లు ఆ చలికి సగానికి సగం చచ్చేవి. మిగిలినవాటిని పిట్టలు తినేవి. పిట్టలు వదిలేసినవాటిని కప్పలు తినేవి. పురుగు ముట్టని గింజ మనిషి తినేవాడు.

ఆ ఏడు పుష్యంలో కూడా జనం విసనకర్రలతో విసురుకున్నారు. "ఎంత హాయిగా ఉందో!" అనుకున్నారు. ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. వరి మీద సుడిదోమ పడింది. కంది మీద పచ్చపురుగు పడింది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడింది. అవి చాలవన్నట్టు గాదెల్లో ముక్కుపురుగు పడింది. రాజుగారు అన్నం కలుపుకోబోతే మెతుకులు లేచి నడిచి వెళ్ళిపోయేవి.

పొలంలోది పోతే ఏడ్చుకుంటూనైనా బతకొచ్చు. గాదెల్లో ఉన్నది విత్తనం. అది పోతే వచ్చే ఏడు దుక్కి దున్ని ఏం చల్లుతారు? పాలకంకి రాజ్యం పేరు కూడా మిగలదు.

ఒకరోజు మేకపిల్లంత మిడత ఒకటి సభలోకి ఎగిరొచ్చి సింహాసనం చేతి మీద వాలింది.

"రాజా! ఏడు సముద్రాల అవతల ఆవిరిదీవిలో ఉండే ఉక్కపోతుడు నా ఏలిక. గొప్ప మాంత్రికుడు. మీ చలిని పట్టి కట్టేశాడు. ఇకమీదట పురుగును ఎవరూ చంపకూడదు. పురుగును తినే పిట్టల్ని తరిమెయ్యి. అప్పుడు మీ విత్తనాల జోలికి రాం" అంది.

పెద్దవాడు రణపాలుడు "అంతేగా!" అని అరిచి, డప్పులు కొట్టించి పిట్టలన్నిటినీ తరిమేయించాడు. పురుగులు రెట్టింపయ్యాయి.

మిడత మళ్ళీ వచ్చింది. "కప్పల్ని కూడా తరిమెయ్యి" అంది. నడిమివాడు గుణపాలుడు ఆలోచించి, గుంటలన్నీ పూడ్పించి కప్పల్ని తరిమేయించాడు. పురుగులు నాలుగింతలయ్యాయి.

మిడత మూడోసారి వచ్చింది. "ఇదే ఆఖరు. రాజు కిరీటం తీసి, నా ముందు తల వంచి, 'పురుగే పెద్ద, మనిషి చిన్న' అనాలి."

ముసలి రాజు ఏం చేస్తాడు? చెయ్యి కిరీటం మీదికి పోనిచ్చాడు.

"నాన్నగారూ, చెయ్యి దించండి" అన్నాడు మేఘపాలుడు.

"విత్తనం దక్కుతుంది కదురా నాయనా?"

"పిట్టల్ని ఇచ్చాం, దక్కిందా? కప్పల్ని ఇచ్చాం, దక్కిందా? ఇవాళ తల వంచితే రేపు మెడ అడుగుతాడు."

మిడత కళ్ళు తిప్పి, "ఎవడ్రా ఈ కుర్రకుంక?" అంది.

మేఘపాలుడు కాలిచెప్పు తీసి ఒక్కటిచ్చాడు. మిడత ఒంటికాలితో కుంటుకుంటూ ఎగిరిపోయింది.

"చంపావురా తమ్ముడూ! ఇప్పుడు విత్తనాల గతేమిటి?" అని అన్నలిద్దరూ నెత్తి కొట్టుకున్నారు.

"శివరాత్రిలోగా చలిని తీసుకొస్తాను" అన్నాడు మేఘపాలుడు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెబుతారు కదా. ఆ రోజు దాటాక విడిపించినా అది తన దారిన తాను పోతుంది గాని మన ఊరికి రాదు.

కోట గుమ్మం దగ్గర రైతులు అడ్డం వచ్చారు. "చిన్నదొరా, అందాకా మమ్మల్నేం చేయమంటావు?"

"గట్ల మీద మంటలు వేయండి, రెక్కల పురుగులు వాటంతటవే వచ్చి పడతాయి. బీడుపడ్డ చేలు లోతుగా దున్నండి. చలి చంపనిదాన్ని ఎండ చంపుతుంది. విత్తనాల్లో వేపాకు కలపండి. మిడత మళ్ళీ వస్తే తల మాత్రం వంచకండి."

"వంచం" అన్నారు రైతులు.

మేఘపాలుడు సముద్రం ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ నూకాలు అనే పడవ పిల్ల వల బాగుచేసుకుంటోంది. ఆమె పడవ నిండా తరిమేసిన పిట్టలూ కప్పలూ కూర్చుని ఉన్నాయి.

"ఏం దొరా, మమ్మల్ని ఇక్కణ్ణుంచి కూడా తరమడానికొచ్చావా?" అంది పసులపోలిగాడు. అదేనర్రా, గేదెల వీపు మీద ఎక్కి తిరుగుతుందే, తోక చీలిన నల్లపిట్ట.

"కాదు. మిమ్మల్ని తరమడం మా తప్పు. ఉక్కపోతుడి మీదికి పోతున్నాను. వస్తారా?"

"తప్పు అన్నావు కాబట్టి వస్తాం" అంది పిట్ట.

"బెకబెక" అంది కప్ప. వస్తానని.

పడవలో చేపలబుట్ట కింద నుంచి ఒక ముంగిస తల బయటపెట్టింది. "నేను మీకు సాయం గీయం చేయడానికి రాలేదు. చేపల కోసం వచ్చాను. నన్ను దింపకండి, అంతే" అంది.

నూకాలు తెడ్డు ఒకటి మేఘపాలుడి చేతిలో పెట్టింది. అతను దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

"దొరా, అది గరిటె కాదు. పప్పు కలపడం లేదిక్కడ" అంది.

అలా బయలుదేరారు. ఉప్పు సముద్రం దాటారు, నాలుక ఎండింది. చెరకురసం సముద్రం దాటారు, చీమలు వెంటపడ్డాయి. కల్లు సముద్రం దాటారు, కప్ప పాటలందుకుంది. నేతి సముద్రం దాటారు, తెడ్డు జారింది. పెరుగు సముద్రం దాటారు, తెడ్డు కదల్లేదు. పాల సముద్రం దాటారు, ముంగిస తాగి తాగి బోర్లా పడుకుంది. మంచినీటి సముద్రం దాటారు, ఆవిరిదీవి కనిపించింది.

ఒడ్డున మిడతల దండు గోడకట్టినట్టు నిలబడింది. పసులపోలిగాడు తన వాళ్ళందరినీ పిలిచింది. ఆకలి మీదున్న పిట్టలవి, గోడ ఎంతసేపు నిలుస్తుంది? గోడ అవతల బురదనేల మీద దోమలు పొగలా కమ్ముకున్నాయి. కప్పలు నాలుకలు చాచాయి. దారి పడింది.

దారి చివర ఒక పెంకుటిల్లు. ఇంటి వెనక ఒక పుట్ట. పెరట్లో కుంపట్ల నడుమ ఏడు బొంతలు చుట్టి, తాళ్ళతో బిగించి కట్టిన పెద్ద మూట. ఆ మూటలోంచి "అమ్మో, ఉడికిపోతున్నానర్రా!" అని మూలుగు. అదే చలి ముసలమ్మ. వసారాలో పంజరం, పంజరంలో చిలక.

మేఘపాలుడు చటుక్కున చిలక మెడ పట్టుకున్నాడు.

"అబ్బబ్బ, వదులు!" అంది చిలక. "మాంత్రికుడి ఇంట్లో చిలక కనపడితే చాలు, ప్రతివాడూ మెడ పట్టుకునేవాడే. వాడి ప్రాణం నాలో లేదు బాబూ. పురుగులో ఉంది."

"ఏ పురుగులో?"

ఆ మాటకు లోపలి నుంచి ఉక్కపోతుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. ఒళ్ళంతా చెమట. "ఏ పురుగో తెలిస్తే లోకంలో పురుగులన్నిటినీ నేనెందుకు మేపుతానురా?" అన్నాడు. "మా అమ్మ చచ్చిపోతూ చెప్పింది, 'నాయనా, నీ ప్రాణం పురుగులో పెట్టాను, జాగ్రత్త' అని. ఏ పురుగో చెప్పకుండానే కన్ను మూసింది. ఏటేటా ఈ చలి ముసలిది కోట్ల పురుగుల్ని చంపుతుంటే, నా ప్రాణం ఎక్కడ పోతుందోనని చలికాలమంతా వణుకుతూ కూర్చునేవాణ్ణి. అందుకే కట్టేశాను. వాటిలో ఒక్కదాన్ని చంపినా మీ రాజ్యాన్ని గింజ మిగలకుండా తినిపిస్తాను."

మేఘపాలుడికి తల తిరిగింది. లోకంలోని పురుగులన్నిటిలో ఏదని వెతుకుతాడు?

"చిలకమ్మా, వీడి అమ్మ చెప్పినప్పుడు నువ్వు విన్నావు కదా. ఏ పురుగో కాస్త పేరు చెప్పు" అన్నాడు.

చిలక నాలుక కరుచుకుంది. "రామ రామ! దీపాలు పెట్టే వేళయింది. దీపాలు పెట్టాక దాని పేరెత్తకూడదని వీడి అమ్మే నేర్పింది. పేరెత్తితే వచ్చేస్తుందట."

మేఘపాలుడు నూకాలు మొహం చూశాడు. నూకాలు మేఘపాలుడి మొహం చూసింది. మీకు తెలిసింది కదర్రా? పొద్దుగూకాక మీ అమ్మమ్మ కూడా దేన్ని పురుగంటుంది? "అటు పోకు, పురుగుంటుంది" అని దేన్ని చూసి భయపెడుతుంది?

"ఓరి నీ దుంపతెగ!" అని నూకాలు పొట్ట పట్టుకుని నవ్వింది. "పాముట దొరా, పాము! ఇంటి వెనక పుట్టలోని పాము!"

ఉక్కపోతుడు నోరు తెరిచాడు. ఎవరితోనూ కలిసి బతికినవాడు కాదు, పాపం. నలుగురిలో తిరిగితే తెలిసేది.

మేఘపాలుడు మాత్రం నవ్వలేదు. "చూశావా మాంత్రికుడా, నీ ప్రాణం ఏ మిడతలోనూ లేదు, ఏ దోమలోనూ లేదు. చలి వస్తే పాము పుట్టలో పడుకుంటుంది గాని చావదు. ముసలమ్మను వదిలెయ్యి. నీ పాము జోలికి నేను రాను. మాట ఇస్తున్నాను" అన్నాడు.

మంచి మాటే. ఒప్పుకుంటే బతికిపోయేవాడు. కానీ ఉక్కపోతుడి మొహం కందగడ్డయింది. "అంటే, ఇన్నేళ్ళూ నేను చేసింది తెలివితక్కువ పనంటావా? నువ్వా నాకు చెప్పేది? తల వంచు. కాళ్ళ మీద పడి అడుగు. అప్పుడు వదులుతాను."

"వంచను."

"మీ విత్తనాలు..."

"విత్తనాల కోసమే వంచను. వంగిన మనిషి చల్లిన విత్తనం నీకే పండుతుంది."

ఉక్కపోతుడు పెడబొబ్బ పెట్టి పుట్ట వైపు పరుగెత్తాడు. మేఘపాలుడు ముందే చేరాడు. ఎడమ చెయ్యి పుట్టలోకి దూర్చి, దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకున్నాడు. పాము కసిదీరా కాటేసింది.

"వదలరా!" అని అరిచాడు మాంత్రికుడు. పిడికిట్లో పాము నొక్కుకుపోతున్న కొద్దీ వాడి గొంతూ నొక్కుకుపోతోంది.

"వదలను. నూకాలూ, మూట విప్పు!"

నూకాలు ముళ్ళతో కుస్తీ పట్టింది. "ఇవేం ముళ్ళురా నాయనా, మా వలలో రొయ్య కూడా ఇంతకంటే బాగా వేస్తుంది" అని తిడుతూనే చేపల కత్తితో తాళ్ళు కోసి పారేసింది. ఏడో బొంత తియ్యగానే చలి ముసలమ్మ జుట్టు విరబోసుకుని లేచింది.

"ఎవడ్రా నన్ను ఉడకేసింది!" అని ఒక్క ఊపిరి ఊదింది.

దీవి అంతా వణికింది. కుంపట్లు ఆరిపోయాయి. పాము కొయ్యబారి పుట్టలోంచి కట్టెలా జారింది. అప్పటిదాకా చేపముల్లు నాకుతున్న ముంగిస తల ఎత్తి, "సాయం చేయడానికి రాలేదన్నానే గాని, ఇలాంటిది ఎదురుగా పడితే ఊరుకుంటానన్నానా?" అని ఒక్క దూకు దూకి పాము నడుం కొరికేసింది. ఉక్కపోతుడు నిలబడినచోటే పురుగు తిన్న కంకిలా పొడిపొడిగా రాలిపోయాడు.

విషం చేతిలో పైకి ఎక్కుతోంది. నూకాలు మేఘపాలుడి కళ్ళలోకి చూసింది. "దొరా, కళ్ళు మూసుకో" అంది.

"మూసుకోను. కానివ్వు" అన్నాడు. ఆమె చేపల కత్తి ఎత్తింది.

ఏడు సముద్రాలూ తిరిగి దాటారు. ముందు ముసలమ్మ కూర్చుంది, వెనక వీళ్ళు వణుక్కుంటూ కూర్చున్నారు. శివరాత్రి ముందే ఒడ్డు చేరారు. పాలకంకి రాజ్యంలో గట్ల మీద మంటలు ఇంకా మండుతున్నాయి. మిడత మళ్ళీ వచ్చిందట, ఊరూరా తిరిగిందట. తల వంచినవాడు ఒక్కడూ లేడు.

చలి ముసలమ్మ గాదెలు తిరిగింది. చేలు తిరిగింది. తోటలు తిరిగింది. పురుగులు గుట్టలుగా రాలాయి. పిట్టలు వాటి కొమ్మలకు, కప్పలు వాటి గుంటలకు చేరుకున్నాయి. గుంటలు మళ్ళీ తవ్వింది ఎవరనుకున్నారు? గుణపాలుడే. పిట్టలకు నీళ్ళ మూకుళ్ళు పెట్టింది రణపాలుడు. శివరాత్రి నాడు ముసలమ్మ శివశివా అనుకుంటూ వెళ్ళిపోయింది.

మేఘపాలుడు నూకాలునే పెళ్ళి చేసుకుంటానన్నాడు. "పడవ పిల్లకు రాజుగారి కోడలుగా ఉండటం చేతనవుతుందా?" అని సభలో ఎవరో అన్నారు.

"తెడ్డు పట్టడం దొరకే నేర్పాను. దీనికేం?" అంది నూకాలు. ముసలి రాజు పకపకా నవ్వాడు. ముహూర్తం పెట్టారు. తాళి కట్టేటప్పుడు ఒక కొస మేఘపాలుడు పట్టుకున్నాడు, రెండో కొస నూకాలు పట్టుకుంది. ఇద్దరూ కలిసి మూడు ముళ్ళూ వేశారు. తర్వాత వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు రాజ్యం ఏలారు. పిట్టను కొట్టినవాడికి, కప్పను చంపినవాడికి ఆ రాజ్యంలో పిల్లనిచ్చేవాళ్ళు కాదు.

ఆ విరోధి సంవత్సరంలో పొలాల్లోని పంట ఒక్క గింజైనా ఇంటికి రాలేదు. గాదెల్లోని విత్తనం దక్కింది. మేఘపాలుడికి ఎడమ చెయ్యి మణికట్టు నుంచి కిందికి లేదు.